నత్తలకు పోసిన ఆకాశం నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఒక గాజు సీసా ఉండేది. దుకాణాల్లో పిప్పరమెంట్లు పోసి పెట్టుకునే వెడల్పు మూతి సీసా అది. మా నాయిన ఆముదాలు అమ్ముకోవడానికి ఆలేరు పోయినప్పుడు, మూత పగిలిందని స్టేషన్ దగ్గరి దుకాణదారుడు దాన్ని పారేయబోతుంటే అడిగి తెచ్చాడు. అడుగున వాగు ఇసుక పోశాడు. మా పొలం బావిలోంచి నాచు తీగలు తెచ్చి నాటాడు. వాటితోపాటు నాలుగైదు నత్తలను కూడా తెచ్చి వదిలాడు. మా ఊళ్ళో ఎవరింట్లోనూ అటువంటి వింత లేదు. పొద్దున కిటికీలోంచి ఎండ పడితే సీసాలోని నీళ్ళు పచ్చగా వెలిగేవి. నత్తలు గాజు మీద మెల్లగా పాకుతుంటే వాటి పాదం అడుగు భాగం, నోరు ఆడే తీరు అన్నీ కనిపించేవి. వాటి గుల్లలు చింతగింజల్లాగా నున్నగా, నలుపు తిరిగిన గోధుమ రంగులో మెరిసేవి.

నాకు అమ్మ లేదు. పురిట్లోనే పోయింది. భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మా మేనత్తే నన్ను పెంచింది. మా నాయిన మెడలో తులసి మాల ఉండేది. మా ఊరి భజన గుడిసెలో చిడుతలు ఆయనవే. ఆయన చెయ్యి పడితేనే పాట నడిచేది. మాల వేసుకున్నాక ఇంట్లో నీచు వండటం మానేశారు, గుడ్డు కూడా గడప దాటి వచ్చేది కాదు. మా అత్తకు మాత్రం పూజల మీద అంత ధ్యాస లేదు. దేవుడి ముందు దీపం పెట్టి, ఆ చేత్తోనే తమలపాకుకు సున్నం రాసుకునేది. ఆమె మాట పదును. ఊళ్ళో ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర ఆమెతో జగడం పెట్టుకోవడానికి జంకేవాళ్ళు.

అవి నిజాం ఏలుబడి చివరి రోజులు. ఊళ్ళల్లో దొరల మీద, నిజాం మీద తిరగబడిన రైతుల సంగం ఉండేది. గుట్టల్లో దాక్కున్న సంగపోళ్ళకు మా నాయిన వంటి వాళ్ళు జొన్న రొట్టెలు మూటగట్టి పంపేవాళ్ళు. ఆ సంగతి తెలిసినప్పుడల్లా తుపాకులు పట్టుకొని లారీల్లో నిజాం వైపు మనుషులు దిగేవాళ్ళు. మేం వాళ్ళను లారీలోళ్ళు అనేవాళ్ళం. గడ్డివాములు తగలబెట్టేవాళ్ళు. మగవాళ్ళను పట్టుకుపోయేవాళ్ళు. దూరాన దుమ్ము లేస్తే చాలు, ఊరంతా చేతిలో ఉన్న పని వదిలేసి పరుగెత్తేది.

తొలకరి పడిన కొన్నాళ్ళకు, ఒక మిట్టమధ్యాహ్నం ఆ దుమ్ము మా ఊరి వైపే వచ్చింది. మా నాయిన పొలం నుంచి ఉరికొచ్చి, నన్ను అత్త చేతికి అప్పజెప్పి, పెరటి గోడ ఎక్కబోతూ ఒక్క క్షణం ఆగాడు. నేను ఏడుస్తూ ఉన్నాను. నన్ను మరపించడానికే అన్నాడేమో, "సీస జర సూస్తుండు బిడ్డా" అన్నాడు. అంతే, గోడ దూకి పోయాడు. గుట్ట చేరకముందే దొరికిపోయాడని, లారీలోకి ఎక్కిస్తుంటే చూశామని కంపల చాటున నక్కిన వాళ్ళు చెప్పారు. ఎటు తీసుకుపోయారో ఎవరికీ తెలియలేదు.

ఆ సాయంత్రం నేను దేవుడి గూటి ముందు నిలబడి మొక్కుకున్నాను. స్వామీ, ఈ నత్తలను నేను కాపాడతాను, మా నాయినను నువ్వు కాపాడు అని. ఎంత చిన్నపిల్లనైనా మొక్కంటే ఏమిటో నాకు బాగా తెలుసు. భజన గుడిసెలో పురాణం వింటూ పెరిగినదాన్ని. మొక్కు తప్పితే ఏమవుతుందో ఆ కథల్లో విన్నాను.

ఈ సంగతి నేను చెప్పింది ఒక్కరికే. భజన గుడిసెలో పురాణం చదివి అర్థం చెప్పే ముసలాయన ఉండేవాడు, పిల్లలం ఆయన్ను భజన తాత అని పిలిచేవాళ్ళం. రోజూ దీపాల వేళ శంఖం ఊదేది ఆయనే. ఆయన నా మొక్కును నవ్వులాటగా తీసుకోలేదు. మొక్కిన వాటిని శుద్ధిగా చూసుకోవాలన్నాడు. బావి నీళ్ళల్లో పదిమంది బొక్కెనలు పడతాయి, ఆకాశం నుంచి పడే నీళ్ళను ఎవరి చెయ్యీ తాకదు, ఆ నీళ్ళే పొయ్యమన్నాడు. రోజుకు రెండు తులసి ఆకులు వెయ్యమన్నాడు. ఆయన చెప్పింది నాకు సాక్షాత్తు స్వామి మాటే అనిపించింది.

సీసాలో ఉన్న బావి నీళ్ళన్నీ ఆ రోజే పారబోశాను. కొత్త కుండ ఒకటి వాకిట్లో పెట్టి, చూరు నీళ్ళు కూడా పడకుండా, నేరుగా మొగులు నుంచి పడిన వాననే పట్టాను. మా బావి నీళ్ళు సప్పగా, బరువుగా ఉంటాయి. వాటితో పప్పు ఎంత సేపటికీ ఉడకదు. అందుకే ఊళ్ళో అందరూ వాన నీళ్ళు పట్టి పప్పుకు దాచుకునేవాళ్ళు. మా అత్త ఆ కుండలో చెంబు ముంచబోతే నేను కుండను వాటేసుకొని కూర్చునేదాన్ని. ఈ పిల్లకు నీళ్ళ పిచ్చి పట్టిందని ఆమె తిట్టుకుంటూ పోయేది. ఎందుకని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

కొన్నాళ్ళకు గుల్లల మెరుపు పోయింది. ముందు కొసలు తెల్లబడ్డాయి, గోడకు కొట్టిన సున్నం వానకు నానినట్టు. ఆ తరువాత చిన్న చిన్న గుంటలు పడ్డాయి, చెద తిన్నట్టు. నేను తులసి ఆకులు ఎక్కువ వేశాను. పాతవి తీస్తే దోషమేమోనని అడుగున అట్లాగే ఉంచాను, అవి నల్లగా కుళ్ళాయి. దెబ్బ తగిలిన చోట పసుపు పెడతాం కదా, అట్లా గుల్లలకు పసుపు కూడా పూశాను. వాన పడితే చాలు, పాత నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పోశాను. ఎంత శుద్ధి చేస్తే అంతగా అవి చెడిపోతున్నాయి. నా భక్తిలోనే ఏదో లోపం ఉందని, అందుకే స్వామి నా మొక్కును తోసేస్తున్నాడని నాకు దిగులు పట్టుకుంది.

ఊరు కూడా అట్లాగే ఉంది. భజన ఆగిపోయింది. నలుగురు ఒకచోట చేరితే లారీలోళ్ళు వస్తారని భయం. శంఖం చప్పుడు దూరం వినిపిస్తుందని భజన తాత దాన్ని గుడ్డలో చుట్టి జొన్నల గుమ్మిలో దాచాడు. దీపాల వేళ ఆ శబ్దం వినిపించకపోతే దేవుడే ఊరు వదిలిపోయినట్టు ఉండేది. పక్క ఊరి నుంచి ఎవరైనా వస్తే అత్త గుమ్మంలోకి వచ్చి వాళ్ళ మొహం చూసేది. వాళ్ళు తల దించుకొని పోతే లోపలికి వచ్చి మళ్ళీ పనిలో పడేది.

నేను చెప్పదలచుకున్న రోజు ఆ వానల నడుమ వచ్చింది. ముసురు విడిచి ఎండ కాసిన పొద్దు. సీసా దగ్గరికి పోయి చూస్తే నత్తల్లో ఒకటి వెల్లకిలా పడి ఉంది. తీసి అరచేతిలో పెట్టుకున్నాను. గుల్ల కొసన చిల్లు పడింది. వేలు తగలగానే కాల్చిన అప్పడంలాగా పెళపెళ విరిగి పొడైంది.

అత్త పెరట్లో కాగు కింద మంట పెడుతోంది. పోయి ఆమె ముందు నిలబడి చెయ్యి చాపి, నాయిన సచ్చిపోయిండు అన్నాను.

ఆమె చెయ్యి ఎత్తింది. నన్ను ఎన్నడూ కొట్టని మనిషి. ఎత్తిన చెయ్యి అట్లాగే గాలిలో ఆగింది. నా అరచేతిలోని పొడిని చూసింది, నా మొహం చూసింది. ఎవరు చెప్పారని అడిగింది. అప్పుడు వెక్కుతూ మొక్కు సంగతి అంతా చెప్పాను. వాన నీళ్ళు, తులసి, పసుపు, అన్నీ. ఆమె కాగు కింది కట్టెను వెనక్కి లాగింది.

"మా అన్న పానం దీస్కపోయి గా సీసల పెట్టినవానే?" అన్నది. "దేవుడేమన్న బేరగాడా బిడ్డా, నత్తను జోకి నాయినను ఇచ్చేటందుకు?"

ఆమె లేచి లోపలికి పోయి సీసాను వాసన చూసింది. మొహం చిట్లించింది. నీళ్ళు పులిసినయి అని, చెయ్యి పెట్టి కుళ్ళిన తులసి ఆకులన్నీ తీసి చెట్టు మొదట్లో వేసింది. ఆమె దోషం మూటగట్టుకుంటోందని నేను భయపడ్డాను. తరువాత నన్ను చెయ్యి పట్టుకొని పెరట్లోకి తెచ్చి, స్నానాలకు నీళ్ళు కాచే ఆ మట్టి కాగును వంచి, ఉన్న నీళ్ళన్నీ పారబోసి, చల్లారాక లోపల చెయ్యి పెట్టి చూడమన్నది.

కాగు లోపల తెల్లటి పొర కట్టి ఉంది. గరుకుగా, గట్టిగా, గవ్వ రంగులో. ఎన్నో ఏళ్ళుగా రోజూ కాగిన బావి నీళ్ళు విడిచిపెట్టిన పొర. అత్త ఇంతకాలం పీచుతో, ఇసుకతో రుద్ది రుద్ది విసిగిపోయి తిట్టుకున్నది ఆ పొరనే.

"ఆకాశం నీళ్ళు మంచియే. పప్పు మస్తుగ ఉడుకుతది. కాని ఇల్లు కట్టుకునేటోనికి గందుల ఏం దొరుకది. గీ బాయి నీళ్ళల్ల ఉన్నది సూడు, గిదే నత్తకు ఇటుక, గిదే సున్నం. నువ్వు అది బంద్ జేసి, ఉన్న ఇల్లునే నీళ్ళకు తినవెట్టినవు."

వంటింటి కత్తి తెచ్చి ఆ పొరను కొంచెం గీకి, చిన్న చిన్న పలుకులుగా సీసాలోని ఇసుక మీద పడేట్టు వేసింది. నాకు అప్పుడు తోచింది, సున్నమే కావాలంటే తమలపాకుల పెట్టెలో ఉంది కదా, ఆ ముద్ద తెచ్చి గుల్లలకు పూస్తానని లేచాను. అత్త గట్టిగా పట్టి ఆపింది. ఆ సున్నం నాలుకనే పొక్కిస్తుంది, నీళ్ళల్లో కలిస్తే వాటి ఒళ్ళంతా కాలుతుందన్నది. నీళ్ళు కూడా ఒక్కసారే మార్చవద్దన్నది. రోజుకు ఒక చెంబు తీసి ఒక చెంబు బావి నీళ్ళు పొయ్యి, అలవాటు పడనియ్యి అన్నది. తోటకూర ఆకు ఉడికించి మెత్తగా చేసి వెయ్యి, మిగిలింది సాయంత్రానికల్లా తీసెయ్యి, కుళ్ళనియ్యకు అన్నది. గుల్ల పట్టుకొని గాజు నుంచి గుంజవద్దన్నది. ఆమె చెప్పేది అంతా ఇల్లు నడిపే ఆడమనిషి లెక్కే. కుండ ఎట్లా కడగాలో, పసిపిల్లకు ముద్ద ఎట్లా పెట్టాలో చెప్పినట్టే ఉంది.

తరువాత పక్కింటికి పోయి కొంగులో ఏదో తెచ్చింది. విప్పితే కోడిగుడ్డు పెంకులు. నేను వెనక్కి జరిగాను. దేవుడి గూటి పక్కనున్న సీసా. మొక్కు సీసా. అందులో గుడ్డు పెంకులు.

ఆమె ఈసారి తిట్టలేదు. నా పక్కన కూర్చుంది.

"పక్కింటోళ్ళ కోడి పొదిగిన గుడ్లు బిడ్డా. పిల్లలు పలగ్గొట్టుకోని బయటికొచ్చినయి, ఆకిట్ల తిరుగుతున్నయి సూడు. గిది ఇడ్సిపెట్టిన ఇల్లు. ఒకటి ఇడ్సిపెడితె ఇంకొకటి కట్టుకుంటది. గిందుల పాపమేమున్నది?"

గోడ మీది నుంచి చూశాను. పసుపు ముద్దల్లాంటి పిల్లలు తల్లి వెంట తిరుగుతున్నాయి. అత్త ఆ పెంకులను నీళ్ళల్లో మరిగించి, ఎండబెట్టి, రోట్లో నూరి పెట్టింది. చిటికెడు తీసి సీసాలో వెయ్యమని నాకే ఇచ్చింది. వేశాను. దేవుడి గూటి వైపు చూడకుండా వేశాను.

అప్పుడు ఆమెను అడిగాను, ఇవి ఇక బతుకుతాయా అని.

"తెల్వది బిడ్డా" అన్నది.

నాయిన, అన్నాను.

"అది గుడ తెల్వది." నాయినను తీసుకుపోయిన నాటి నుంచి ఆమె కంట్లో నీటి చుక్క చూడలేదు నేను. అప్పుడు చూశాను. కొంగుతో తుడుచుకోకుండా అట్లాగే కూర్చొని, "తెల్వకున్నా నీళ్ళు పోస్తం గద" అన్నది.

మరునాడు భయపడుతూనే భజన తాత దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన గుమ్మిలో చెయ్యి పెట్టి గుడ్డ మూట తీశాడు. శంఖాన్ని ఒళ్ళో పెట్టుకొని దాని నోటి అంచు వెంట వేలు పోనిచ్చాడు, ఎన్నడూ చూడనిదాన్ని చూస్తున్నట్టు. ఇది కూడా ఒక నత్త కట్టుకున్నదే, నీకు తెలుసునా అన్నాడు. "ఉప్పు నీళ్ళల్ల పెరిగింది బిడ్డా, వాన నీళ్ళల్ల కాదు. రోజు నోట్ల పెట్టుకోని ఊదుతున్న, నాకే యాదికి రాలె." ఊదలేదు. ఊదే రోజులు కావవి. కళ్ళకద్దుకొని మళ్ళీ జొన్నల్లో దాచాడు.

నేను రోజూ నీళ్ళు మార్చాను. ఇంకొక నత్త చనిపోయింది. నేను ఏడ్చినా నీళ్ళు పొయ్యడం ఆపలేదు. మిగిలినవి గాజు మీద పాకడం మొదలుపెట్టాయి. ఒక రోజు ఎండలో చూస్తే ఒక గుల్ల నోటి దగ్గర, అంచు పొడవునా, సన్నటి కొత్త వరస కనిపించింది. నల్లగా, నున్నగా, గట్టిగా. అత్తను కేక వేసి పిలిచాను. ఆమె వంగి చూసి, ఈ గుంటలు ఎప్పుడు పూడుతాయని నేను అడిగితే, అవి పూడవని చెప్పింది. పాతది అట్లాగే ఉంటుంది, పెరిగేదంతా అంచు దగ్గరే అన్నది. నాకు అది నచ్చలేదు. స్వామి తలచుకుంటే పాత గుంటలు మాత్రం ఎందుకు పూడ్చడు అనుకున్నాను.

అంతలో మిలట్రీ వచ్చింది. పోలీసు యాక్షన్ అన్నారు, నిజాం ఏలుబడి పోయిందన్నారు. లారీలోళ్ళు ఎక్కడివాళ్ళక్కడ మాయమయ్యారు. ఆ సాయంత్రం భజన తాత గుమ్మిలోంచి శంఖం తీసి ఊదాడు. ఊరంతా ఏడ్చింది. పట్టుకుపోయిన మగవాళ్ళు ఒకరొకరే తిరిగి రాసాగారు. మా నాయిన రాలేదు. వచ్చిన వాళ్ళను అడిగితే ఒకరు అక్కడ చూశామన్నారు, ఒకరు లేడన్నారు. కొత్తగా వచ్చిన సర్కారు కూడా సంగపోళ్ళ కోసం గుట్టలు వెతుకుతోందని, వాళ్ళకు అన్నం పెట్టిన వాళ్ళను ఇంకా జైళ్ళల్లోనే ఉంచారని అన్నారు. ఇతరుల ఇళ్ళల్లో పాయసాలు వండుకుంటుంటే మా అత్త పొయ్యి ముందు కూర్చొని ఉడకని పప్పును కలుపుతూ ఉండేది. అవి మొదటి రోజులకంటే కష్టమైన రోజులు. భయానికి ఇక కారణం కూడా లేకుండా పోయింది. ఉత్త ఎదురుచూపే మిగిలింది.

ఆముదం గెలలు ఎండబెట్టే రోజుల్లో ఆయన వచ్చాడు. గుమ్మంలో నిలబడితే నేను గుర్తుపట్టలేదు. గడ్డం నెరిసింది. మెడలో తులసి మాల లేదు. కుడి చెయ్యి ఛాతీకి ఆనించి పట్టుకొని ఉన్నాడు. లారీలోళ్ళ క్యాంపులో తుపాకి మడమలతో ఆ చేతి వేళ్ళను చితక్కొట్టారట. ఎముకలు ఎట్లా పడితే అట్లా అతుక్కున్నాయి. చెంబు కూడా పట్టలేడు.

ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. శంఖం వినిపిస్తే లేచి పొలం వైపు పోయేవాడు. భజన తాత వచ్చి పిలిస్తే, "చిడుతలు పట్టని చెయ్యి గాడ దేనికి తాతా" అని గోడ వైపు తిరిగాడు. నేను మొక్కినది దక్కింది, కానీ సగమే దక్కిందని నాకు అనిపించేది. ఏమి అడగాలో తెలియక దేవుడి ముందు ఊరికే నిలబడేదాన్ని.

ఒక పొద్దున ఆయన సీసా ముందు కూర్చొని ఉన్నాడు. గుల్లల కొసలు అట్లా ఎందుకున్నాయని అడిగాడు. ఇంటికి వచ్చాక ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే. నేను అంతా చెప్పాను. ఆకాశం నీళ్ళు, కాగు పొర, గుడ్డు పెంకులు, అన్నీ. గుడ్డు పెంకుల దగ్గర అత్త వైపు చూసి కొంచెం నవ్వాడు. ఒక నత్తను గాజు పక్క నుంచి వేలితో చూపించాను. పైన తెల్లగా, గుంటలు గుంటలుగా పాతది. దాని కింద చుట్టూ నల్లగా మెరిసే కొత్తది, బొటనవేలి గోరంత వెడల్పున.

అత్త చాటతో జొన్నలు చెరుగుతూనే, ఇటు తిరగకుండానే అన్నది. "పాతది గట్లనే ఉంటదన్నా. అంచు సూడు."

ఆయన గాజు దగ్గరికి వంగి అంచు చూశాడు. తన కుడి చేతిని ఒళ్ళో పెట్టుకొని, ఎడమ చేతి వేళ్ళతో దాని మీద మెల్లగా భజన తాళం తట్టాడు. ఒక దెబ్బ తప్పింది. మళ్ళీ తట్టాడు.

ఆ శనివారం భజన గుడిసెకు పోయాడు. చిడుతలు ఎడమ చేతికి తొడుక్కున్నాడు. తాళం తప్పింది. భజన తాత పాటను ఆపి, మళ్ళీ మొదటి నుంచి, ఇంకా నెమ్మదిగా ఎత్తుకున్నాడు. ఊరంతా ఆయన ఎడమ చేతికి తగ్గట్టు పాడింది. ఆయన ఉన్నన్నాళ్ళూ అట్లాగే పాడింది. ఆయన పోయాక కూడా మా ఊళ్ళో భజన ఆ నడకలోనే సాగుతోంది. కొత్తగా వచ్చిన పిల్లలు, మన దగ్గర పాట ఇంత నిదానమెందుకని అడుగుతుంటారు.

నేను ఇప్పటికీ రెండు పూటలా దేవుడి ముందు నిలబడతాను. మొక్కడం మానలేదు, బేరం మానేశాను. పోయినదాన్ని పూడ్చమని అడగను. అంచు దగ్గర కొంచెం పెరగనియ్యి స్వామీ అంటాను. తెలియకున్నా నీళ్ళు పోస్తాను. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్ల పొర కనిపిస్తే వెంటనే తోమను. ముందు ఒక దండం పెట్టుకుంటాను.